మూడో ముద్ద

ఆదివారం పన్నెండున్నరకల్లా చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర మొగుడి కోసం నిలబడటం రోజాకు నాలుగేళ్ళ అలవాటు. పెళ్ళై ఐదేళ్ళయింది. ఆమె ఉండేది అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో, అతను ఉండేది ఇక్కడే చిక్కడపల్లి సందులో మగపిల్లల హాస్టల్లో. కొట్లాడుకుని విడిపోయారనుకునేరు, అదేం లేదు. ఇద్దరూ సర్కారు కొలువుకు చదువుతున్నారు. వారానికొక్కసారి ఏదో ఒక హోటల్లో ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటారు. వాళ్ళ కాపురమంతా ఆ గంటన్నరే.

ఈ ఆదివారం మాత్రం రోజా చేతులు చున్నీలో దాచుకుని నిలబడింది. మూడుసార్లు సబ్బు పెట్టి కడిగినా ఉల్లిగడ్డ వాసన పోలేదు. పొద్దున ఐదింటి నుంచి నిలబడే ఉండటంతో మోకాళ్ళు పీకుతున్నాయి. ప్రేమ్‌సాగర్ వచ్చాడు, భుజాన పుస్తకాల సంచీ, నాలుగు రోజుల గడ్డం. ఎక్కడికని అడగలేదు. హోటల్ వెతికే వంతు ఈ వారం ఆమెది. గాంధీనగర్ పోయే దారిలో ఒక మెస్ ఉందనీ, మనమెప్పుడూ అక్కడ తినలేదనీ చెప్పింది. తినలేదంటే చాలు, అతను కదులుతాడు.

అదెందుకో చెప్పాలంటే పెళ్ళైన కొత్తకు పోవాలి. దేవరకొండ దగ్గర రోజా వాళ్ళింట్లో పదహారు రోజుల పండుగ. యాటకూర ఎవరెవరో వండారు గానీ కొత్త అల్లుడికి పెళ్ళాం చేతి వంట ఒక్కటన్నా ఉండాలని తల్లి పట్టుబడితే రోజా పచ్చిపులుసు చేసింది. ఉల్లిగడ్డ ముక్కలు ఉప్పేసి చేత్తో పిసికి, పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, నువ్వులు వేయించి దంచి కలిపింది. కంగారులో నువ్వులు కాస్త మాడాయి. ప్రేమ్‌సాగర్ ఆ పులుసు కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఎదుటి బంతిలో కల్లు మీదున్న రోజా వాళ్ళ పెద్దులు మామ, "పనీపాట లేని అల్లునికి గింత మర్యాద ఎందుకే?" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. అది తెలియని రోజా అన్నం గిన్నె పట్టుకుని వస్తే ప్రేమ్‌సాగర్ విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"కొలువు వచ్చినంకనే నీ చేతి బువ్వ తింట," అని అందరికీ వినబడేలా చెప్పి, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. జారింది పెద్దులు మామ నోరు, తీసుకోలేక ఐదేళ్ళుగా అవస్థ పడుతున్నది ఈ ఇద్దరూ. మామ ఆ మాట మర్నాటికే మరిచిపోయాడు. ఇప్పటికీ ఫోన్ చేసి, అల్లుడు తిన్నడా అని ముద్దుగా అడుగుతాడు. ప్రేమ్‌సాగర్ మాత్రం ఉడుంపట్టు పట్టాడు. మగవాడి పౌరుషానికి ఎప్పుడూ ఇదే తంతు, శపథం అతనిది, ఉపవాసం ఇంకొకరిది. పట్నం వచ్చాక చిన్న గది ఒకటి కిరాయికి తీసుకుందామని రోజా అంటే, గదంటే పొయ్యి, పొయ్యంటే నీ వంట, అదెట్ల కుదురుతుందని అన్నాడు. అట్లా ఒక కాపురం రెండు హాస్టళ్ళకెక్కింది.

మొదటి మూడు నెలలు నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒకే మీల్స్ హోటల్‌కు పోయేవారు. అక్కడ వడ్డించే దాసయ్య అనే పెద్దాయన రోజాకు అడగకుండానే గడ్డపెరుగు తెచ్చి వేసేవాడు. ఒక ఆదివారం, పాపం ఆయన ప్రేమగానే, "ఇంట్ల పొయ్యి పెట్టుకోలేదా బిడ్డా?" అన్నాడు. ప్రేమ్‌సాగర్ మిగిలిన అన్నం గబగబా తినేసి బయటికి నడిచాడు. ఆ రోజే నియమం పెట్టాడు, ఒకసారి తిన్న చోట రెండోసారి తినొద్దని. అట్లయితే పట్నమంతా చూసినట్టు ఉంటుందని రోజాకు సంజాయిషీ చెప్పాడు. ఎవరికీ ముఖాలు గుర్తుండకూడదన్నదే అసలు సంగతని రోజాకు తెలుసు. తెలిసీ సరేనంది.

నిజం చెప్పొద్దూ, మొదట్లో బాగానే ఉండేది. రెండు పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఊరిని కడుపుతో నేర్చుకున్నారు. హిమాయత్‌నగర్‌లో అద్దాల మేడ మీద కూర్చుని కింద పోయే బండ్లను చూస్తూ తిన్న దోసె, అటూ ఇటూ కలిపి మూరెడు పొడవు. రంజాన్ నెలలో నారాయణగూడ ఫుట్‌పాత్ మీద, జనంలో భుజాలు తగులుతుండగా, నిలబడి తిన్న హలీం. ముక్కు కారుతున్నా రోజా గిన్నె అడుగు దాకా గీకి తింటుంటే, "దీనికి జీఐ గుర్తింపు ఏ సంవత్సరంల వచ్చింది?" అని పరీక్షలో ప్రశ్నలా అడిగాడు మొగుడు. నోట్లో చెంచా ఉండగానే రెండువేల పది అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజు వాళ్ళకు కొలువు రేపో మాపో అన్నట్టే ఉంది.

బర్కత్‌పురలో ఒక మార్వాడీ ముసలమ్మ ఇంటి వరండాలోనే భోజనం పెట్టేది. పుల్కా అయిపోవడమే ఆలస్యం, అడక్కుండా ఇంకోటి వేసి, దాని మీద నెయ్యి రాసేది. నాలుగో పుల్కాకు రోజా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారమైందా అని ప్రేమ్‌సాగర్ నీళ్ళ గ్లాసు జరిపాడు. కారం కాదు. కొసరి పెట్టేవాళ్ళ ముందు కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తొచ్చింది. మళ్ళీ అక్కడికి పోదామని ఎంత మనసుగా ఉన్నా, నియమం నియమమే.

నాలుగేళ్ళలో నడిచి పోగలిగినంత దూరంలో హోటళ్ళన్నీ అయిపోయాయి. రుచులూ అయిపోయాయి. ఎక్కడ కూర్చున్నా అదే పన్నీరు, అదే ఎర్ర రంగు, గోడ మీద అదే టీవీ. మాటలు కూడా అవే. నీకెన్ని మార్కులొచ్చాయి, నాకెన్ని తగ్గాయి. బిల్లు వచ్చేసరికి ఎవరి హాస్టల్ వాళ్ళకు గుర్తొచ్చేది. ఇల్లంటే పోయిన చోటికే మళ్ళీ పోవడం కదా అని రోజాకు అనిపించేది. పొద్దున పోయినా, సాయంత్రం పోయినా, ఎందుకొచ్చావని అడగనిది.

మార్చిలో ఫలితాలొచ్చాయి. జాబితాలో మూడోసారి కూడా ఇద్దరి నంబర్లూ లేవు. మర్నాడు రోజా హాస్టల్ కిందికి దిగి, వెనక సందులో కిష్టమ్మ మెస్ ముందు ఊరికే నిలబడింది. అరవై దగ్గరపడ్డ కిష్టమ్మ, మణికట్టుకు గుడ్డ చుట్టుకుని, ఉల్లిగడ్డలు కోయలేక తిట్టుకుంటోంది. రోజా కత్తిపీట తన వైపు లాక్కుంది. బుట్టెడు కోసింది. చాలా రోజుల తర్వాత ఒక పని మొదలుపెట్టి పూర్తి చేసింది. మర్నాడు మళ్ళీ పోయింది. ఇప్పుడు రెండు నెలలైంది, అరవై మందికి పొద్దుటి పప్పు, కూర, పులుసు ఆమె చేతివే. మొగుడు ఫోన్ చేస్తే మాత్రం చదువుతున్నాననే చెప్పేది.

మూడు రోజుల కింద కిష్టమ్మ, మెస్ పైన గది ఖాళీ అవుతోందని చెప్పింది. గదికి వంటగట్టు కూడా ఉంది. మొగుడిని తీసుకుని వచ్చి ఉండమంది, మెస్ కూడా మెల్లగా నువ్వే చూసుకో, నా చెయ్యి ఇక లేవదంది. కానీ అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆదివారం సాయంత్రంలోగా మాట చెప్పాలి. రోజా తన మొగుడి శపథం కథ చెబితే కిష్టమ్మ నెత్తి కొట్టుకుంది.

"ముందు తినిపియ్యి, తర్వాత చెప్పు. కడుపు నిండినోనికి కోపం సగమే వస్తది," అంది.

మొగుడికి దొంగచాటుగా అన్నం పెట్టడం తప్పని రోజాకు తెలుసు. అడిగితే వద్దంటాడనీ తెలుసు. తెలిశాక కూడా అతను లేచి చెయ్యి కడుక్కుంటే, ఈసారి తను బతిమాలదు. సంచీ సర్దుకుని దేవరకొండ బస్సు ఎక్కుతుంది. కోపంతో కాదు, ఓపిక లేక.

ఇద్దరూ నడిచారు. అశోక్‌నగర్ చౌరస్తాలో జిరాక్సు షాపుల ముందు ఆదివారం కూడా క్యూలే. కొత్తగా వచ్చిన పిల్లలు మెరిసే ముఖాలతో మెటీరియల్ కొంటుంటే ప్రేమ్‌సాగర్ వాళ్ళ వైపు చూడకుండా నడిచాడు. ఈ వారం ఏమీ బుర్రకు ఎక్కలేదని, ఒకటే పేజీ చదివినకాడే చదువుతున్నానని చెప్పాడు. అతను కూడా అలిసిపోయాడని రోజాకు తెలియక కాదు. ఆ అలసటను ఒప్పుకునే చోటు అతనికి లేదు, అంతే.

మెస్‌లో ఆరు బల్లలు. కిష్టమ్మ తనకు రోజా ఎవరో తెలియనట్టు నటిద్దామనుకుని, "ఏడికెల్లి వచ్చిండ్రు బిడ్డా, కూసోండ్రి," అని అవసరం కన్నా రెండింతలు గట్టిగా అంది. వేరే రోజైతే రోజాకు నవ్వొచ్చేది. స్టీలు కంచాలొచ్చాయి. వేడన్నం, పప్పు, బెండకాయ వేపుడు, చిన్న గిన్నెలో పచ్చిపులుసు. రోజా ఆ గిన్నె అతని వైపు జరిపింది. నువ్వులు ఈ పొద్దు కూడా కాస్త మాడాయి. ఈ రోజే మాడాలా అని పొద్దున తనను తాను తిట్టుకుంది.

ప్రేమ్‌సాగర్ పప్పు తిన్నాడు. తర్వాత పులుసు పోసుకుని కలిపాడు. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద నెమ్మదిగా నమిలాడు. మూడో ముద్ద చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు.

"ఇది నువ్వు చేసినవా?" అన్నాడు తలెత్తకుండా.

అబద్ధం చెప్పే ఓపిక కూడా రోజాకు లేదు. "నేనే," అంది.

"ఎన్ని దినాలాయె?"

"రెండు నెలలు."

"నాకు చెప్పలే."

"చెప్తే తినకపోదువు." ఇక దాచడానికేముంది, అంతా చెప్పేసింది. కత్తిపీట సంగతి, పైన గది సంగతి, సాయంత్రంలోగా మాట చెప్పాల్సిన సంగతి. అనుకున్నట్టు మెల్లగా చెప్పలేకపోయింది. "నువ్వు కొలువు తెచ్చుకో, నేను వద్దంటలేను. గని ఇగ నాతోని అయితలేదు. ఇగ నేను ఏ హోటల్ల కూసోను," అంది. ఏడుపు రాలేదు. ఐదేళ్ళలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఒళ్ళు తేలికైంది, భయం మాత్రం అట్లాగే ఉంది.

అతని చేతిలో ముద్ద అలాగే ఉంది. పులుసు మణికట్టు మీదుగా కారుతోంది. పక్క బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు ఏదో ప్రశ్నకు జవాబు గురించి వాదించుకుంటున్నారు. లేస్తాడా, కూర్చుంటాడా. రోజా కళ్ళు చేతులు కడుక్కునే నల్లా వైపు పోయాయి. అది అతని కుర్చీకి నాలుగడుగుల దూరంలోనే ఉంది.

"ఆ దినం గూడ నువ్వులు గిట్లనే జర మాడినయి," అన్నాడు.

అని, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

పెళ్ళైన పదహారో రోజు తిన్న రెండు ముద్దల రుచి ఈ మనిషి ఐదేళ్ళు నాలుక మీద మోస్తున్నాడా. మోస్తూ ఎన్ని హోటళ్ళు తిప్పాడు. కోపమూ వచ్చింది, జాలీ వచ్చింది, ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియలేదు. అతను మాత్రం తల వంచుకుని తింటున్నాడు. కంచంలో అన్నం అయిపోవచ్చింది.

వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న కిష్టమ్మ ఇక ఆగలేక అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. గరిటె ముందుకు చాపేసరికి ప్రేమ్‌సాగర్ కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. సరిగ్గా ఆ రోజు పెట్టినట్టే. రోజా చూపు మళ్ళీ నల్లా వైపు పోయింది. దేవరకొండ బస్సు ఎన్నింటికో కూడా గుర్తొచ్చింది.

"మీరు కాదమ్మా," అన్నాడు. "ఆమె పెడ్తది."

కిష్టమ్మ గిన్నె బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. రోజా బల్ల పట్టుకుని లేచింది. పొద్దుటి నుంచి నిలబడ్డ కాళ్ళు, లేస్తుంటే మోకాళ్ళు కలుక్కుమన్నాయి. గరిటె తీసుకుని, అతను చెయ్యి తీశాక, అన్నం పెట్టింది. ఒక గరిటె చాలదని ఇంకోటి పెట్టింది. పులుసు పోసింది.

అతను కలుపుకుంటూ, "పైన రూమ్‌ల నల్లా వస్తదా?" అని అడిగాడు.

"వస్తది," అంది రోజా. "దినం ఇడిసి దినం."