నిద్రపోయే తండ్రుల పిల్లల బడి

సారు పోయారన్న కబురు నాకు రాజవ్వ ఫోనులో చెప్పింది. ఉదయం ఏడున్నర దాటింది. సూరత్ శివారు భేస్తాన్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలకు అది పాళీ మారిన వేళ. రాత్రంతా సాంచాల మధ్య నిలబడ్డవాళ్లు ఇళ్లకు చేరుతుంటారు. "అమ్మా, సారు లేస్తలేడు," అంది ముందు. నేను అంబులెన్సు అనబోతుంటే, "లెవ్వడు ఇగ. సల్లబడ్డడు," అంది. తర్వాత ఆమె గొంతు తగ్గించి, తప్పు చేస్తున్నదానిలా అడిగింది: "ఈ వారం మా ఆయనది రాత్ పాళీ. ఇప్పుడే వచ్చి పన్నడు. పిల్లల్ని ఇయ్యాల ఏడికి తోలాలె?"

వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను. పిల్లల సంగతి ఇది రాస్తున్న ఈ రోజుకూ తేలలేదు.

రాజవ్వ ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తుంది. భర్త సాంచాలు నడుపుతాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఉన్నది ఒకటే గది. అలాంటి ఇళ్లలో ఒక నియమం ఉంటుంది. తండ్రి రాత్రిపాళీ చేసే వారం పగలంతా ఇంట్లో చప్పుడు ఉండకూడదు. పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడికి నిద్ర పట్టకపోతే మళ్లీ రాత్రికి తూగుతాడు. తూగితే చెయ్యి సాంచాలో పడుతుంది. అందుకని పిల్లలు వీధిలోకి పోవాలి. పై వారం తండ్రిది పగటిపాళీ అవుతుంది, పిల్లలు ఇంట్లోకి వస్తారు. గుజరాతీ బడిలో చేర్చినా, భాష రాక, ఊరికీ సూరత్‌కీ మధ్య తిరుగుతూ టీసీలు పోగొట్టుకుని, చాలామంది మధ్యలోనే మానేస్తారు. సారు బడి ఈ పిల్లల కోసం పుట్టింది.

ఆయన పంతులు కాదు. సిరిసిల్ల దిక్కునుంచి కుర్రతనంలో వచ్చి, చెవులు పోయేదాకా సాంచాలు నడిపిన మనిషి. ఇంటర్ మధ్యలో ఆగిపోయింది. భార్య ఎప్పుడో పోయింది, ఒక్క కూతురు భీవండీలో. ఒంట్లో ఓపిక తగ్గి పని మానేశాక భేస్తాన్‌లోనే ఒక సందులో కింది అంతస్తు గది అద్దెకు తీసుకుని పిల్లల్ని కూర్చోబెట్టారు. తెలుగు చదవడం, లెక్కలు, గుజరాతీ బడిలో భయం లేకుండా కూర్చోవడానికి సరిపడా గుజరాతీ. అంతే ఆయన నేర్పింది.

నేను హైదరాబాద్‌లో సోషల్ వర్క్ చదివి, డాక్టరైన మా ఆయన ఆసుపత్రి ఉద్యోగం వల్ల ఈ ఊరికి వచ్చినదాన్ని. బడి మానేసిన పిల్లల వివరాలు రాసుకుంటూ ఆ సందులోకి వెళ్లిన రోజు, గదిలోంచి వస్తున్న అరుపులకు ఎవరో కొట్టుకుంటున్నారనుకున్నాను. లోపల పిల్లలు గొంతు చించుకుని ఎక్కాలు చదువుతున్నారు. మధ్యలో ఈయన హాయిగా కూర్చుని ఉన్నారు.

"ఇంత గోల ఏమిటండీ?" అన్నాను.

చెవికి చెయ్యి ఆనించి, "ఆఁ?" అన్నారు.

మళ్లీ అరిచాను. ఆయన నవ్వారు. "లొల్లి చేసేటందుకే అమ్మా ఈ అర్ర. ఇంట్ల నోరు మూసుకొని మూసుకొని వస్తరు. జర లొల్లి చేసినంక అక్షరం దిగుతది."

ముందు వరసలో ఉన్న రాజవ్వ పెద్దకూతురు, "సారుకు ఇనబడది మేడం! మెల్లగ చదివితె చదవలేదనుకుంటడు," అంది. ఆ మాట మాత్రం ఆయనకు ఎలా వినబడిందో, "నీ నోరు ఇనబడకుంటె నాకు మిషిన్ల మోత గూడ ఇనబడనట్టే," అన్నారు. గదంతా నవ్వింది.

ఆ గదికి టైంటేబుల్ లేదు. ప్రతి సోమవారం ఉదయం పాళీ మారేటప్పుడు సారు కార్ఖానాల గేటు దగ్గర టీ గ్లాసుతో నిలబడేవారు. లోపలికీ బయటికీ పోయే ప్రతి తండ్రినీ ఆపి, "ఈ వారం దిన్నా, రాతా?" అని అడిగేవారు. రాత్ అన్నవాళ్ల పిల్లలు పొద్దున్నే రావాలి, దిన్ అన్నవాళ్ల పిల్లలు సాయంత్రం. తండ్రులు నవ్వేవాళ్లు. "సారూ, మా సేఠు గూడ గింత హాజరు తియ్యడు," అని ఒకతను అంటే, "సాంచా ఆగితె మీ సేఠు ఉరికొస్తడు. పిల్లదాని చదువు ఆగితె ఎవడొస్తడురా?" అన్నారు. నవ్వినతను ఆ మాటకు నవ్వలేదు.

ఇంకో సంగతి. ఊళ్లో పెళ్లికో, బోనాలకో వెళ్లిన కుటుంబాలు నెలల తరబడి వచ్చేవి కావు. తిరిగి వచ్చిన పిల్లను ఆయన ఎన్నడూ మొదటికి తీసుకుపోలేదు. "నువ్వు గుణింతాల్ల 'కొ' కాడ పోయినవు. 'కో' చెప్పు," అనేవారు, నిన్ననే వెళ్లినట్టు. ఎక్కడా రాసి పెట్టుకోలేదు. అడిగితే, "దారం తెగినకాడ్నే ముడెయ్యాలె. తెగిందని బట్టంత ఇప్పుతమా?" అన్నారు. ఏ పిల్ల ఎక్కడ ఆగిందో మొత్తం ఆయన తలలోనే ఉండేది. ఆ తల ఇప్పుడు లేదు.

నా తప్పు చెప్పకుండా ఈ నాలుగు మాటలు ముగించలేను. విద్యారంగంలో సామాజిక వ్యాపారవేత్తలకు ఉన్న అవకాశాల మీద సూరత్‌లోనే ఒక హోటల్లో సదస్సు జరిగింది. నన్ను మాట్లాడమన్నారు. నేను సారును వెంటబెట్టుకు వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చల్లటి హాల్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను స్లైడ్లు చూపించాను. వలస కార్మికుల పిల్లలు, తక్కువ ఖర్చు, ఎన్ని పట్టణాలకైనా విస్తరించగల పద్ధతి. తెరమీద ఆయన గది ఎంత అందంగా కనిపించిందో! ప్రశ్నల సమయంలో ఒకాయన హిందీలో, "మీ మోడల్ ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పండి," అని సారునే అడిగాడు. సారు వినబడక నా వైపు చూసి, ఏమడిగాడో కనుక్కుని, లేచి తెలుగులోనే చెప్పారు: "మాడలు గీడలు ఏం లేదు సారూ. వీళ్ల నాయనలు పండాలె. గంతే."

నేను దాన్ని హిందీలోకి మార్చి చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెప్పింది ఆయన అన్నదానికంటే పొడుగ్గా, మెరుగ్గా ఉందని అప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఒక సంస్థ ముందుకొచ్చింది. మంచివాళ్లే, ఇప్పటికీ వాళ్లను నిందించలేను. పెద్ద హాలు తీసుకుందామన్నారు, ట్యాబ్లెట్లు ఇచ్చారు, ఇద్దరు టీచర్లను పెట్టారు. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు అని వేళ నిర్ణయించారు, హాజరు కొలవాలంటే ఒక వేళ ఉండాలి కదా. ఆ వేళను ఒప్పుకున్నది నేను. "రెండు బళ్లెందుకు సారూ, పాత గది వదిలేయండి," అన్నది నేను. "పొద్దుగాల పిల్లలు ఏడికి పోతరమ్మా?" అని ఆయన ఒక్కసారి అడిగారు. "అలవాటు పడతారు," అన్నాను. ఎవరు, దేనికి అలవాటు పడతారనుకున్నానో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు.

రాత్రిపాళీ ఇళ్ల పిల్లలు పొద్దున్నే వచ్చి తాళం చూసి, వీధుల్లో తిరిగి, సాయంత్రానికి ఏ చీరల గోదాములోనో మడతలు పెడుతూ కనిపించేవాళ్లు. నెల తర్వాత ఊరునుంచి వచ్చిన పిల్లను ట్యాబ్లెట్ మళ్లీ మొదటి పాఠంలో కూర్చోబెట్టేది. "నాకు ఇది వచ్చు," అని ఒకమ్మాయి ఏడ్చింది. ఆ మిషనుకు అది వినబడలేదు. ఏడాది తిరిగేసరికి హాజరు పడిపోయిందని సంస్థ మర్యాదగా ఉత్తరం రాసి వెళ్లిపోయింది. పాత గదిలో అప్పటికే ఎంబ్రాయిడరీ మిషన్లు దిగాయి.

సారు, వరసగా ఒంటి గదులున్న ఒక మూడంతస్తుల చాలీ యజమానిని బతిమాలి, మేడపైన టార్పాలిన్ కట్టి, మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ సోమవారాలు గేటు దగ్గర. నేను సిగ్గుతో వెళ్తే, "మంచికే చేస్తివమ్మా. మంచికి నేసింది గూడ ఒక్కోపారి తెగుతది," అని టీ తెప్పించారు. ఆ ఎండాకాలం టార్పాలిన్ కింద కూర్చుంటే నెత్తిమీద పెనం పెట్టినట్టుండేది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి రోజూ రెండు పూటలా ఆ మెట్లెక్కారు.

గుండె ఆగిందన్నారు. ఎండకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా అని మా ఆయన్ను అడిగాను. లేదన్నారు. రెండోసారి అడిగితే, వయసు అన్నారు. మూడోసారి అడిగినప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు. అందుకే ఇక అడగలేదు.

భీవండీ నుంచి కూతురు వచ్చింది. దహనం అయ్యాక నా పక్కన కూర్చుని, "నాయిన మీ పేరు మస్తు చెప్పేటోడు మేడం. నా తర్వాత గా మేడం ఉన్నది, బడి ఆగది అనేటోడు," అంది. ఓదార్పుకే అంది. నేను తల ఊపాను. అబద్ధం ఆడినట్టయింది.

ఆ వారంలోనే ఇంకో సంస్థ నుంచి ఫోను. సారు జీవితం ఎంతోమందిని కదిలిస్తుందట, ఆయన పేరుమీద బడికి నిధుల కోసం దరఖాస్తు పెడితే అవకాశం చాలా బలంగా ఉందట. నెలాఖరులోపు పంపాలి. ఫారంలో మొదటి పేజీ తెరిచి చూశాను. "మీ కేంద్రం పనివేళలు" అని ఒక గడి ఉంది. అందులో ఒక వేళ పట్టేంత చోటే ఉంది. ఇంతవరకు నింపలేదు. నింపితే మళ్లీ అదే తప్పు. నింపకపోతే టార్పాలిన్ కూడా లేదు. ఈ రంగంలోకి వస్తామంటూ నాకు ఉత్తరాలు రాసే యువతీయువకులకు ఒకప్పుడు ఉత్సాహంగా జవాబిచ్చేదాన్ని. అవకాశాలున్నాయి నాయనా, ఎటు చూసినా ఉన్నాయి. మనం చెయ్యి పెట్టకముందు అక్కడ ఏం నిలబడి ఉందో చూడటం ఎవరు నేర్పుతారో నాకు తెలియదు. నాకైతే నేర్పినాయన ఉన్నారు, నేను నేర్చుకోలేదు.

చాలీ యజమాని మేడపైకి వెళ్లే తలుపుకు తాళం వేశాడు. "సారు ముఖం చూసి ఇచ్చాను బెహన్. రేపు ఏ పిల్లో కింద పడితే నన్ను పట్టుకుంటారు," అన్నాడు.

అయినా నిన్న సోమవారం పొద్దున గేటు దగ్గరికి వెళ్లాను. ఆయన నిలబడే చోటే టీ గ్లాసుతో నిలబడ్డాను. తండ్రులు నమస్కారం పెట్టి, కళ్లు తప్పించుకుని పోయారు. రాజవ్వ భర్త ఒక్కడు ఆగాడు. "ఈ వారం నాది దినే అమ్మా. పిల్లలను సాయంత్రం పొద్దుమూకంగ పంపుదునా?" అన్నాడు. నా మాట కోసం ఆగకుండా, నేను అవునన్నట్టే అనుకుని లోపలికి వెళ్లాడు.

అక్కడినుంచి చాలీకి వెళ్లాను. తాళం సంగతి తెలియని పిల్లలెవరైనా వచ్చి ఉంటారేమో, వెనక్కి పంపుదామని. మెట్ల మీద అడుగు పెట్టేసరికి ఎక్కడా చప్పుడు లేదు. మూడంతస్తుల్లోనూ తలుపులు దగ్గరగా వేసి, రాత్రిపాళీవాళ్లు నిద్రపోతున్నారు. పైన తాళం వేసిన తలుపు దగ్గర మొదలై, రెండో అంతస్తుదాకా, మెట్టుకు ఒకరు చొప్పున పిల్లలు కూర్చుని ఉన్నారు. మెట్ల మీద చప్పుడు కాకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కినట్టున్నారు, ఒళ్లో పెట్టుకున్నారు.

నేనూ చెప్పులు విడిచి, కింది మెట్టు మీద కూర్చున్నాను. పెదవులు మాత్రం కదిలిస్తూ, ఎక్కడిదాకా అయింది, అని అడిగాను. ఒక్కొక్కరే పుస్తకాలు తెరిచారు. ఒకరిది అక్షరాల పేజీ, ఒకరిది ఎక్కాలు, ఒకరిది గుజరాతీ. తాము ఆగిన చోట వేలు పెట్టి, తీయకుండా, పైమెట్టు నుంచి కిందిమెట్టు దాకా అందరూ నా వైపు చూస్తూ కూర్చున్నారు.