ఖాళీ బండి బరువు

“ముప్పై ఏళ్ళు నీళ్ళ దొంగల్ని పట్టినవాణ్ణి నేను. అలాంటి నన్ను నీళ్ళ దొంగ అన్నారు. ముందు ఆ ముక్క రాసుకోండి మాస్టారూ, మిగతాది తర్వాత.”

“రాశాను,” అన్నాడు బైండింగు మాస్టారు. వీధి చివర పుస్తకాలు కుట్టే షాపు ఆయనది. పొద్దున పూట తీరిక దొరికితే నోట్‌బుక్కు చంకన పెట్టుకుని ఎవరి కబురైనా వినడానికి బయల్దేరతాడు.

“కలం కదిలినట్టు లేదే?”

“కదిలింది. మీరు గోడకేసి చూస్తున్నారు.”

కాటాయన గోడకేసి చూస్తున్న మాట నిజమే. మంచం పక్కన మేకుకు ఒక ప్లాస్టిక్ సీసా వేలాడుతోంది. దాని ఒంటినిండా నల్ల పెన్నుతో అడ్డగీతలు. పక్కనే చిన్న అక్షరాల్లో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని ఉంది. ఆ గీతలు గీసింది ఆయన ఇల్లాలు. ఇప్పుడా సీసాలో చుక్క నీరు లేదు. పారేస్తానని ఆవిడ అంటే, వద్దు, ఉండనీ, అది సాక్ష్యం అన్నాడాయన.

కాటాయన అంటే లారీ కాటా నడిపిన మనిషి. ఇసుక, ఇనుము, ధాన్యం, తుక్కు, ఏ సరుకు లారీ అయినా ఆయన కాటా ఎక్కాకే ఊరు దాటేది. ముందు ఖాళీ బండి తూకం, తర్వాత లోడు బండి తూకం. రెంటికీ మధ్య తేడాయే సరుకు. చెప్పడానికి ఇంతే. కానీ ఆ తేడాలో చెయ్యి పెట్టాలని చూసేవాళ్ళు వెయ్యిమంది. ఖాళీ తూకమప్పుడు బండి దిగిపోయి, లోడు తూకమప్పుడు మాత్రం సీట్లో తిష్ఠ వేసే డ్రైవర్లు, సీటు కింద డ్రమ్ములో నీళ్ళు పోసుకొచ్చి తూకం అయ్యాక రోడ్డు మీద వదిలేసేవాళ్ళు, ఇసుక తడిపేవాళ్ళు, అందర్నీ చూశాడాయన. టైరు పక్కన నేల తడి చూసి “డ్రమ్ము దించరా నాయనా” అనేవాడు. ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఆయన కాటా కూడా ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ప్రతి సోమవారం పొద్దున్నే సర్కారు ముద్ర ఉన్న ఇనప గుండ్లు పెట్టి, పరీక్ష చేసి, ఆ తర్వాతే తాళం తీసేవాడు.

అలాంటి మనిషికి ఐదేళ్ళ కిందట రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. అప్పట్నుంచి వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు డయాలిసిస్ వార్డులో కుర్చీ. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి దాన్ని మెషీన్ తీయాలి. ఎంత తీయాలో తెలియాలంటే మనిషిని తూచాలి. అదనపు నీరంతా పోయాక మిగిలే బరువును అక్కడ డ్రై వెయిట్ అంటారు.

“అంటే ఖాళీ బండి బరువు,” అన్నాడు కాటాయన మొదటిరోజే. టెక్నీషియన్ నవ్వి, “అంతే బాబాయ్, నువ్వు లోడుతో వస్తావు, మేం దింపి పంపిస్తాం” అన్నాడు. ఈయన ఖాళీ బరువు యాభై ఎనిమిది కిలోలని పాత కాటా మీద తేల్చారు. నాలుగేళ్ళు అలా నడిచింది. రోజుకు మూడు గ్లాసుల నీళ్ళు, ఉప్పు లేని తిండి. కష్టమే, కానీ నడిచింది.

అప్పుడొచ్చింది పరిశోధన. డయాలిసిస్ మనుషుల్ని చంపుకుతినేది దాహం. దాన్ని తగ్గించే మాత్ర ఒకటి కనిపెట్టారట. నలభైమందికి ఇచ్చి చూస్తారట. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి ఉత్త పిండి మాత్ర. ఎవరికేది దక్కిందో ఆర్నెల్లదాకా ఎవరికీ తెలియదు. రెండు డయాలిసిస్‌ల మధ్య ఎవరు ఎంత బరువు పెరిగారో చూసి, మాత్ర పనిచేసిందో లేదో తేలుస్తారు. రీసెర్చి డాక్టరమ్మ ప్రతి కుర్చీ దగ్గరా కూర్చుని ఓపిగ్గా చెప్పింది. కాటాయన సంతోషంగా సంతకం పెట్టాడు. తూకంతో నడిచే పని, పైగా పదిమందికి పనికొచ్చేది. కాదనడానికి నోరెలా వస్తుంది?

పరిశోధన కోసం కొత్త కాటా తెచ్చారు. అద్దంలా మెరుస్తూ, ఎర్ర అంకెలతో. పాతదాన్ని మాసిన దుప్పట్ల గదిలో పడేశారు.

రెండో వారానికల్లా మొదలైంది. మూడో గంట దాటితే చాలు, పిక్కలు మెలితిప్పేసేవి. కళ్ళు బైర్లు కమ్మేవి. ఇంటికొచ్చాక నాలుక చెక్కముక్క. ఎన్నడూ లేనంత దాహం. ఒక గ్లాసు ఎక్కువ తాగిన రోజులున్నాయి, ఆ మాట ఆయన దాచలేదు. తర్వాతిసారి కాటా ఎక్కితే, రెండు కిలోలు పెరిగేచోట మూడు కిలోలు.

“పెద్దాయనా, నీళ్ళు ఎక్కువ తాగుతున్నారు,” అంది డాక్టరమ్మ.

“దాహం ఎక్కువైందమ్మా. మీరు మరీ పిండేస్తున్నారు నన్ను.”

“మీ డ్రై వెయిట్ దాకానే కదా తీస్తున్నాం. మారలేదు కదా అది?”

మారలేదు. యాభై ఎనిమిదే. మూడో నెలలో డాక్టరమ్మ ఇల్లాల్ని పిలిచి, “మీరే కనిపెట్టి ఉండాలి, దొంగచాటుగా తాగుతున్నారు” అంది. ఆ సాయంత్రమే సీసా మీద గీతలు పడ్డాయి.

“ఒట్టు, గీత దాటలేదే,” అంటాడీయన.

“మీ నోరేమన్నా కాటానా, నిజమే చెప్పడానికి?” అంటుందావిడ. నలభై ఏళ్ళు ఆయన మాట మీద ఇల్లు నడిపిన మనిషి. స్నానాల గదిలో కూడా తాగుతాడేమోనని తలుపు అవతల నిలబడేది. దాహం కన్నా ఆ నిలబడడమే ఎక్కువ ఎండబెట్టింది ఆయన్ని.

నాలుగో నెలలో ఆయన కాగితం మీద ఎర్ర సిరాతో రాశారు: ‘నీటి నియమం ఉల్లంఘించినందున పరిశోధన నుంచి తొలగింపు.’ అలాంటివాళ్ళు పదకొండుమంది. పక్క కుర్చీ టైలరమ్మ కూడా అందులో ఉంది. నలభై ఎనిమిది కిలోల మనిషి, పుల్లలా ఉంటుంది. ఆవిడ కోడలు వంటింటికి తాళమే వేసింది. ఒకరోజు డయాలిసిస్ అయి ఇంటికెళ్ళిన గంటలోనే టైలరమ్మ స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. “నీళ్ళ కోసం వెళ్ళుంటుంది, శాస్తి జరిగింది” అందట కోడలు.

“ఆ మాట విన్నప్పుడు,” అన్నాడు కాటాయన, “నాకు కోపం కోడలి మీద రాలేదు మాస్టారూ. ఆస్పత్రి చెప్పిందే ఆ పిల్ల నమ్మింది. మా ఆవిడా అంతే.”

“నన్నెందుకు లాగుతారు మధ్యలో?” అంది ఇల్లాలు గుమ్మంలోంచి. “గుండ్లు మోసింది ఎవరట?”

గుండ్ల సంగతి ఇది. పరిశోధన నుంచి తీసేసినా, డయాలిసిస్ తప్పదు కదా. ఒకరోజు తన వంతు కోసం వరండాలో కాచుకుని ఉంటే, మాసిన దుప్పట్ల గది తలుపు తెరిచి ఉంది. పాత కాటా కనిపించింది. పాత స్నేహితుడు కనిపించినట్టు వెళ్ళి ఎక్కాడు. అరవై. రెండు నిమిషాల తర్వాత వార్డులో కొత్త కాటా ఎక్కితే అరవై పాయింట్ ఎనిమిది.

రెండు కాటాలు రెండు మాటలు చెబితే ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో మనిషి చెప్పకూడదు, గుండు చెప్పాలి. కానీ ఏది అబద్ధమైనా తప్పు మాత్రం అప్పటికే దొరికిపోయింది. ఖాళీ బరువు తేల్చింది ఒక కాటా మీద, లోడు తూచింది ఇంకో కాటా మీద! ఇసుక లారీ డ్రైవరు కూడా ఒప్పుకోని పని. కొత్త కాటా ముప్పావు కిలో పైన ఎక్కువ చూపిస్తుంటే, దాని మీద యాభై ఎనిమిది వచ్చేదాకా లాగితే, ఒంట్లో ఉండాల్సిన నీరే ముప్పావు లీటరు పోతుంది. పోతే దాహం వేయదా? లావుపాటివాళ్ళు తట్టుకున్నారు. బక్కవాళ్ళు పడిపోయారు. పడిపోయినవాళ్ళకి దొంగలని పేరు.

మర్నాడే లారీ కాటా పాత యజమానిని బతిమాలి, ముద్ర ఉన్న ఇరవై కిలోల గుండ్లు మూడు అడిగి తెచ్చాడు. సూదులు గుచ్చే చేత్తో బరువు ఎత్తకూడదు. ఇల్లాలే ఒక్కొక్కటీ చక్రాల కుర్చీలో పెట్టుకుని, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ వింతగా చూస్తుంటే, వార్డులోకి తోసింది.

“ఏంటి బాబాయ్, వ్యాయామమా?” అన్నాడు టెక్నీషియన్.

“నీ కాటాకి.”

డాక్టరమ్మ పరుగున వచ్చింది. “పెద్దాయనా, ఎవరు పర్మిషన్ ఇచ్చారు మీకు?”

“నాలుగు నెలలు దీన్ని పరీక్ష చేయకుండా వాడడానికి మీకెవరిచ్చారమ్మా? ఖాళీగా ఉంటే సున్నా చూపిస్తోంది కదా అని నమ్మారు. దొంగ కాటా నమ్మించేదే సున్నా దగ్గర.”

ఒక గుండు పెట్టింది ఇల్లాలు. ఇరవై పాయింట్ మూడు. రెండోది. నలభై పాయింట్ ఐదు. మూడోది పెట్టేసరికి కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా మెడలు సాచారు. అరవై పాయింట్ ఎనిమిది. ఇల్లాలు ఆ ఎర్ర అంకెల్ని చూస్తూ, “ఈ అంకెని నమ్మా నేను ఈయన్ని కాపలా కాసింది?” అంది. తర్వాత పాత కాటా తెప్పించి దాని మీద పెట్టారు. సరిగ్గా అరవై.

వారంలో ఇంకో కాటా వచ్చింది. పిక్కల నొప్పులు పోయాయి. అందరూ అక్కడితో అయిపోయిందనుకున్నారు. కాటాయన మాత్రం తన కాగితం అడిగాడు. ఎర్ర సిరా అలాగే ఉంది.

“కాటా మార్చాం కదా, ఇంకేం కావాలి?” అంది డాక్టరమ్మ విసుగ్గా.

“కాటా మార్చారు, మాట మార్చలేదు. రేపు మీ పరిశోధన అచ్చయితే అందులో మేమేంటి? మాత్ర ఇచ్చినా నీళ్ళ కక్కుర్తి మానని పదకొండుమంది వెధవలం! ఎవరి తప్పు ఎవరి నెత్తిన?”

పై కమిటీకి రాస్తామన్నారు. వారం గడిచింది. ‘సాంకేతిక కారణాల వల్ల సవరణ’ అని ఒక్క కాగితం వచ్చింది, అదీ ఈయన ఒక్కడికే. ఆయన దాన్ని మడిచి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. ఆ మధ్యాహ్నం మెషీన్ కట్టకముందే, పరిశోధనలో మిగిలిన ఇరవై తొమ్మిదిమంది కుర్చీల దగ్గరికీ షిఫ్టు షిఫ్టుకీ వెళ్ళడం మొదలుపెట్టాడు. వాళ్ళు సంతకం పెట్టిన కాగితంలో ఒక వాక్యముంది: ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండా మానుకోవచ్చు. చాలామంది చదవలేదు. ఆయన వేలు పెట్టి చదివించాడు. మూడు రోజుల్లో ఇరవై ఆరుమంది ఒకే మాట చెప్పారు: పదకొండుమంది మీద రాసింది కొట్టేయకపోతే మేమూ రేపట్నుంచి రాం.

డాక్టరమ్మ ఆ సాయంత్రం వచ్చి ఆయన కుర్చీ పక్క స్టూలు మీద కూర్చుంది. “పాత నాలుగు నెలల లెక్కలన్నీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టాలి,” అంది. 

“మొదలుపెట్టండి. మాత్ర మంచిదే అయ్యుండొచ్చు పాపం. దాన్నీ దొంగ కాటా మీదే తూచారు.”

పది రోజులకు పదకొండు కాగితాలొచ్చాయి. ‘సాంకేతిక కారణాలు’ అన్న ముక్కను ఆయనే కొట్టించాడు. అక్కడ ‘తప్పు’ అని రాయించాడు.

“కానీ అందరికీ అందాయా? లేదు!” కాటాయన గొంతు మళ్ళీ లేచింది. “ఫైల్లో పెట్టారట, అడిగితే ఇస్తారట! మంచంలో ఉన్న మనిషి లేచొచ్చి అడగాలా? ఇంట్లోవాళ్ళని పిలిచి నింద చెప్పినవాళ్ళకి, ఇంటికెళ్ళి అది తప్పని చెప్పడానికి కాళ్ళు రాలేదు!”

ఇల్లాలు లోపల్నుంచి చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. “ఆస్పత్రి బండి వచ్చే వేళయింది. ఈ అరుపులకి పెరిగిన బీపీ చూసి మళ్ళీ నన్నే అడుగుతారు వాళ్ళు.”

ఆయన లేచి, దిండు కింది నుంచి ఒక కవరు తీసి మాస్టారి నోట్‌బుక్కు మీద పెట్టాడు.

“ఇది టైలరమ్మది, నేనే అడిగి తెచ్చాను. నేనే వెళ్ళేవాణ్ణి, ఇవాళ నాకు మెషీన్ రోజు. మార్కెట్ వెనక రెండో సందు, మెట్లు లేని ఇల్లు. ఆవిడకి అచ్చు అక్షరాలు ఆనవు, మీరే చదవండి. మంచం పక్కన కూర్చుని గుసగుసలాడకండి, గుమ్మం దగ్గర నిలబడి చదవండి. తప్పు అన్నచోట ఒక్క క్షణం ఆగి, ఆ ముక్క ఇంకోసారి చదవండి మాస్టారూ. వంటింట్లోకి వినపడాలి.”