మా ఊళ్ళో దాన్ని టైఫాయిడ్ అన్నారు

నాలుగేళ్ళ వయసులో నాకు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. తొంభైల మొదట్లో రెండేళ్ళకు పైగా నగరంలోని పెద్దాసుపత్రికి తిప్పారు. శామీర్‌పేట, మేడ్చల్ మధ్య ఉన్న మా ఊళ్ళో మాత్రం టైఫాయిడ్ అని చెప్పారు. టైఫాయిడ్‌కు కూడా జుట్టు రాలుతుంది కాబట్టి అందరూ నమ్మారు. క్యాన్సరని తెలిస్తే రేపు ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని మా నాయిన భయం.

జబ్బు తగ్గింది, జుట్టు వచ్చింది. పాలపళ్ళు ఊడితే అందరు పిల్లల్లాగే పేడముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరాను. కొత్తవి మాత్రం అందరికీ వచ్చినట్టు రాలేదు. కొన్ని బియ్యపు గింజలంతే వచ్చాయి, కొన్ని అసలే రాలేదు. ముందుపళ్ళు సందులు సందులుగా నిలబడ్డాయి.

"సక్కగ ఇసరలె ఇది. జారి కింద పడ్డయి, గందుకే మొలవలె," అంది అవ్వ, చుట్టాలందరి ముందు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎవరెవరు నవ్వారో ఈ రోజుకీ చెప్పగలను.

పదిహేనేళ్ళప్పుడు నాయిన నన్ను నగరం అంచున సుచిత్ర అనే చోట ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. క్లిప్పులు వేస్తే సందులు పోతాయని ఎవరో చెప్పారట.

"చిన్నప్పుడు పెద్ద జబ్బేమైనా చేసిందా అండీ?" అని డాక్టరు నా నోట్లో వేలు పెట్టి అడిగాడు.

"టైఫాయిడ్ సార్. గంతే," అన్నాడు నాయిన.

నాకు నిజం తెలుసు. నాయిన వైపు చూశాను. ఆయన గోడ మీది దవడ బొమ్మను చూస్తున్నాడు. డాక్టరు వేలు తీశాకైనా నేను చెప్పాల్సింది, చెప్పలేదు. "నీకు నోరు లేకుండెనా?" అని తర్వాత, అంతా బయటపడ్డాక, నాయినే నన్ను అన్నాడు.

డాక్టరు క్లిప్పులు వేశాడు. నెలనెలా మేడ్చల్‌లో బస్సెక్కి వెళ్ళి వాటి తీగ బిగించుకొచ్చేవాళ్ళం. ఎనిమిదో నెలలో అన్నం నములుతుంటే పై ముందుపన్ను కదిలింది. మరునాటికి పక్కదీ కదిలింది.

డాక్టరు అప్పుడు ఎక్స్‌రే తీసి కిటికీ వెలుతురుకు పట్టాడు. పళ్ళకు వేర్లుండాల్సిన చోట మొండి ముక్కలున్నాయి.

"ఇది టైఫాయిడ్ కాదండీ. ఏం మందులు వాడారు ఈ పిల్లకి?"

నాయిన లేచి గది తలుపు దగ్గరికి వేసొచ్చి, క్యాన్సర్ సంగతి చెప్పాడు.

"ముందే చెప్పాలి కదండీ! అంత చిన్న వయసులో ఆ మందులు పడితే వేర్లు పెరగవు. తెలిస్తే తీగ వేసేవాణ్ణా?"

"పెండ్లి గావలసిన పిల్ల సార్..."

"నా పండ్లు ఉంటయా సార్?" అని అడిగాను నేను. ఆయన జవాబు నాయినకు చెప్పాడు, నాకు కాదు. తీగ తీసేస్తాడట. పళ్ళు ఉన్నన్నాళ్ళు ఉంటాయట. ముందే ఎక్స్‌రే ఎందుకు తీయలేదని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆ మాట ఇంట్లో నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చి ఏడిస్తే నాయిన అన్నాడు: "పానం దక్కింది, పండ్లకేడుస్తవా?" ఆ మాట నేను మరిచిపోలేదు.

ఆ ఎండాకాలం రెండు ముందుపళ్ళూ ఒకదాని వెనక ఒకటి ఊడిపోయాయి. రెండోది ఊడిన మర్నాడు పక్కింటామె నన్ను వాకిట్లోనే పట్టుకుంది.

"గిదేంది బిడ్డా, పండ్లేమైనయి?"

"బండి మీదికెల్లి పడ్డదమ్మా," అన్నాడు నాయిన, నేను నోరు తెరవక ముందే.

"గదేం పడుడు? మోకాలు జర్ర గూడ గీకలే!" అని నవ్వి, ఆమె నా వైపు తిరిగింది. "బాగ నొచ్చిందా బిడ్డా?"

నేను చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపాను.