మూడోసారికి ముందు ఆగిన మనిషి

మా బాపు పోయి ఇంకా నెల నిండలేదు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అమ్మను పిలుస్తూ ఆ పిలుపులోనే ఒరిగిపోయాడు. నేను దుకాణం తెరుస్తుండగా ఫోన్ వచ్చింది. ఒకసారి మృత్యువు గడప దాకా వెళ్లి వచ్చినవాడు కనుక ఇక ఆయనకు ఏమీ కాదన్న ధీమాలో ఉన్నాను. ఆ వార్త నన్ను నిలువునా కూల్చింది. దహనానికి వచ్చినవాళ్లలో సగం మంది ఎనుమాముల మార్కెట్ మనుషులు. వాళ్లకు ఆయన పాట కొమురయ్య. ఆయనను ఎరిగినవాళ్ల కోసం, అంతకన్నా ఎక్కువగా జబ్బుచేసి మాట పోయిన మనిషి ఉన్న ఇండ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మిర్చి సీజన్‌లో మార్కెట్‌లో పొద్దున్నే జెండాపాట ఉంటుంది. ఆ రోజు ధరను తేల్చే మొదటి వేలం అది. రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమస్తాగా చేరిన బాపు తల నెరిసేదాకా వేలం పాటలు పాడాడు. మిరపకాయల ఘాటుకు చుట్టూ ఉన్నవాళ్లంతా తుమ్ముతూ దగ్గుతూ ఉంటే ఆయనొక్కడు బస్తా మీద నిలబడి, గొంతు చెదరకుండా ధర పిలిచేవాడు. ఘాటుకు కూడా కొమురన్న అంటే భయమేనని హమాలీలు నవ్వుకునేవాళ్లు.

ఆ గొంతే పోయింది. పక్షవాతం వచ్చి, దవాఖాన నుంచి ఇంటికి తిరిగి వచ్చేసరికి కుడిచేతి సత్తువ సగం, మాట మొత్తం పోయాయి. అన్నీ తెలుస్తున్నాయి, అందరినీ గుర్తుపడుతున్నాడు, నోటికి మాత్రం రాదు. నీళ్లు అడగాలని నోరు తెరిచి, ఆ మాట కోసం లోపల వెతికి, దొరకక కండ్లు మూసుకునేవాడు. మేము ఆగేవాళ్లం కాదు. నీళ్లా, చాయా, దుప్పటా అని వరుసగా అందించేవాళ్లం. ఆయన దేనికో ఒకదానికి తల ఊపేవాడు. దాన్నే ప్రేమ అనుకున్నాం. తొందరపెట్టొద్దు, మాట అందించొద్దు అని దవాఖానలో మాట నేర్పే అమ్మాయి నాకు విడమరిచి చెప్పింది. హన్మకొండలో మందుల దుకాణం నడిపేవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలియదా అనుకొని ఇంటికి రాగానే మరిచిపోయాను. పరామర్శకు వచ్చిన చుట్టాలతో ఈయనకు ఇక మాట రాదని ఆయన ముందే చెప్పేవాణ్ణి. నోరు పోయినవాడికి చెవులు కూడా ఉండవన్నట్టు.

ఒకనాడు గేటు ముందు కూరగాయల బండి ఆగింది. టమాటల దగ్గర అమ్మకూ బండి అతనికీ బేరం తెగడం లేదు. వరండాలో కూర్చున్న బాపు ఉన్నట్టుండి "ఒకటోసారీ..." అన్నాడు. పాత గొంతు, పాత రాగం. అమ్మ కొంగులో టమాటలతో అట్లాగే నిలబడిపోయింది. "రెండోసారీ..." అనేసరికి బండి అతను బెదిరిపోయి, "తీస్కోరాదమ్మా, నువ్వన్న ధరకే ఇస్త," అన్నాడట.

ఆ రోజు నుంచి బాపు తన వైద్యం తానే మొదలుపెట్టాడు. మామూలు మాట రాకున్నా వేలంపాట వస్తుందని ఆయనకు తెలిసిపోయింది. పొద్దున స్నానం కాగానే ఇంట్లో వస్తువులను ఒక్కొక్కటిగా అమ్మకానికి పెట్టేవాడు. సత్తువ తగ్గిన కుడిచేత్తోనే చెంబును పైకెత్తి, చెంబు ఒకటోసారి అనేవాడు. కొంచెం కొంచెంగా తువ్వాల, వంకాయ, చేతికర్ర ఆ పాటలోకి వచ్చాయి. వస్తువు కోసం ఆ గదికీ ఈ గదికీ నడవడం వల్ల కాళ్లకు బలం వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున లేస్తే తనకూ ఒక పని ఉన్నదన్న తృప్తి మొహంలోకి వచ్చింది. ఒకరోజు అమ్మనే వేలానికి పెట్టాడు. "కొనెటోడు రానియ్, సంచి సర్దుకొనే ఉన్న," అన్నది అమ్మ. బాపు రెండోసారి దగ్గరే పాట ఆపేశాడు. తర్వాతి కాలంలో, మాటలు కూడిన తర్వాత, తన పద్ధతిని ఆయనే చెప్పాడు: "పాత మాట తోక పట్టుకుంటే కొత్త మాట ఎంబడి వస్తది."

ఆ వేలాన్ని ఆపినవాణ్ణి నేనే. మేడ మీద అద్దెకున్నవాళ్లు నవ్వుతున్నారని తెలిసీ ఓర్చుకున్నాను. ఒక సాయంత్రం పక్కింటాయన దుకాణానికి వచ్చి, నలుగురి ముందు, "ఏం సేటూ, ఇయ్యాల మీ ఇంట్ల ఏం అమ్ముడువోయింది?" అని అడిగాడు. ఇంటికి పోయి, చెప్పులు కూడా విప్పకుండా, "ఇజ్జత్ పోతాంది బాపూ. ఇగ ఊకో," అన్నాను.

ఆయన ఊకున్నాడు. వేలం ఆగిపోయింది. చెంబు ఎత్తలేదు, వరండాలోకి రాలేదు. అన్నం ముందు నుంచి సగంలోనే లేచేవాడు. పొద్దంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. డాక్టర్‌కు చూపించి దిగులుకు గోళీలు తెచ్చాను. గోళీల తప్పేమీ లేదు. నేను లాక్కున్నదాన్ని తిరిగి ఇవ్వడం వాటి పని కాదు. అమ్మ ఒకనాడు నాకు అన్నం వడ్డిస్తూ, నా మొహం చూడకుండా అన్నది: "నీ దుకాణం షట్టర్ నువ్వు గుంజుకో బిడ్డా. ఆయన గొంతు మీద ఎందుకు గుంజినవ్?"

తప్పయిందని తండ్రికి చెప్పడం నాకు చేతకాలేదు. మా ఇంట్లో మగవాళ్లకు ఆ అలవాటు లేదు. కొత్త మిర్చి రావడం మొదలైన రోజుల్లో ఒక పొద్దున దుకాణం మూసి, ఆయనను ఆటోలో ఎనుమాములకు తీసుకుపోయాను. అప్పటికే జెండాపాట అయిపోయింది. పాత హమాలీ సారయ్య ఎదురొచ్చి, "ఏందే కొమురన్నా, ఘాటు తగలక తిండి సయిస్తలేదా?" అన్నాడు. బాపు నవ్వాడు. ఒక్క పాట పాడమని అందరూ చుట్టూ చేరారు. ఆయన నా వైపు చూశాడు. పాడవచ్చునా అని అడిగే చూపు అది. ఏ తండ్రికీ కొడుకును అట్లా చూసే గతి రాకూడదు.

ఏం చేయాలో తోచక నేనే బస్తా ఎక్కాను. సారయ్య తువ్వాలను చేతిలోకి తీసుకొని ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఒక్క ఊపిరిలో అనేశాను. ఆ వెంటే దగ్గు తన్నుకొచ్చింది. జనం విరగబడి నవ్వారు. "ఏం సేటూ, రైలు పోతాందా?" అన్నాడొకడు. అంతలో బాపు చేతికర్రతో నేలను కొట్టాడు.

"అట్ల కాదు," అన్నాడు.

అందులో వేలం రాగం లేదు. జబ్బుచేసిన తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మామూలు మాట అది. నేను అలవాటుగా ఏదో అందించబోయి ఆపుకున్నాను. ఆయన వెతుక్కుంటున్నాడు. ఎవరూ కదలలేదు.

"రెండుకు... మూడుకు నడుమ... ఆగాలె. రైతు మొకం... సూడాలె."

మూడోసారి అన్న తర్వాత సరుకు చేయి మారిపోతుంది. ఆ ధర ఇష్టం లేని రైతు తల అడ్డంగా ఊపాలంటే ఆ కాస్త వ్యవధిలోనే ఊపాలి. బాపు జీవితమంతా ఆ వ్యవధిని రైతుకు ఇచ్చాడు. కన్నతండ్రికి నేను ఇవ్వనిది కూడా అదే.

మర్నాటి నుంచి ఇంట్లో మళ్లీ వేలం మొదలైంది. కొనేవాణ్ణి నేను. చెంబో చెప్పులో కొననిదే దుకాణానికి పోయేవాణ్ణి కాదు. పక్కింటాయన కూడా ఎగతాళి మాని గోడ మీది నుంచి పోటీకి వచ్చేవాడు. బాపు మాటలో తడబాటు చివరిదాకా పోలేదు. అయినా పెండ్లిండ్లకు పోయాడు, కూరలో ఉప్పు తక్కువైతే కోపం చేశాడు, నన్ను నలుగురి ముందు రైలు సేటని పిలిచాడు.

మా వీధి చివర రాజయ్య అని, రిటైరైన బస్సు కండక్టర్ ఉన్నాడు. ఆయనకూ అట్లాగే మాట పోయింది. బాపు కర్ర ఊనుకుంటూ ఆ ఇంటికి పోయి రాజయ్య భార్యతో, "వేలం... నా పని, చెల్లె. ఆయన పని... టికెట్," అన్నాడు. ఆమె తెలివైన మనిషి. తెల్లారి నుంచి కుర్చీలు వరుసగా వేసి, పిల్లలను కూర్చోబెట్టి, రాజయ్య చేతికి పాత సంచి ఇచ్చేది. కొన్నాళ్లకు ఆ ఇంట్లో నుంచి కాజీపేట, కాజీపేట అన్న కేక మా గేటు దాకా వినిపించింది. ఆ రోజు బాపు రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు.

దశదినకర్మ నాడు భోజనాలకు ముందు పెద్దలు బాపు గురించి తలా ఒక మాట చెప్పారు. చివర రాజయ్య లేచి, "కొమురన్న..." అని ఆగిపోయాడు. వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకొని నిలబడిపోయారు. ఆయన పెదవులు కదిలాయి, ఆగాయి. పంక్తిలో ఉన్న ఒక్కరు కూడా మాట అందించలేదు.

"కొమురన్న... నన్ను... ఎక్కించుకున్నడు."

బాపు లేని లోటు తీరేది కాదు. తన పనినే తనకు మందుగా చేసుకొని, లేచి నిలబడి, పక్కవాడికి చేయి అందించిన మనిషి. నేను చేసిన తప్పును ఒక్కసారి కూడా ఎత్తిచూపని తండ్రి. ఆయనకు నేను మొక్కగలిగింది నా కౌంటర్ దగ్గరే. మొన్న ఒక ముసలమ్మ వచ్చి, గోళీ పేరు నోటికి రాక నిలబడిపోయింది. వెనుక ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. ఆమెకు ఏం కావాలో నాకు తెలుసు, గోళీలు చేతికందే దూరంలోనే ఉన్నాయి.

"జర ఆగుండ్రి," అన్నాను వాళ్లతో. "పెద్దమ్మ చెప్తాంది."