మాటల్లేని మ్యూజిక్ పోగేసిన మా యారాలు

నిజామాబాద్ దవాఖానలో మా యారాలు కన్నుమూసిన సంగతి నాకంటే ముందు హైదరాబాద్‌లో ఉన్న నా బిడ్డకు తెలిసింది. ఆమె భర్త, మా బావ, ముందు దానికే ఫోన్ చేశాడు. అది ఏడ్చి, మొహం కడుక్కొని, ఆ తర్వాత నాకు చేసింది. "అమ్మా, కూసున్నవా, నిలవడ్డవా? ముందుగాల కూసో. పెద్దమ్మ పోయింది" అంది. బాన్సువాడలో మా ఇంటి వాకిట్లో ఉతికిన బట్టలు ఆరేస్తున్నాను. తడిబట్ట చేతిలో ఉండగానే అరుగు మీద కూర్చున్నాను. దుఃఖం వచ్చింది. కానీ దానికంటే ముందు ఇంకోటి వచ్చింది. ఇన్నేళ్లు ఒకే గోడకు అటు ఆమె, ఇటు నేను బతికాం. ముందు నాకు కదా చెప్పాల్సింది, అనిపించింది.

అంత్యక్రియలు అయ్యాక ఉండబట్టలేక బావను అడిగాను. ఆయన నా మొహం వైపు చూడకుండానే చెప్పాడు. "ఇంట్ల నువ్వొక్కదానివే ఉంటవని నాకెర్కనే. తమ్ముడు బీర్కూర్ పొలం కాడుండె. ఒంటిగున్నప్పుడు నీకెట్ల చెప్పాలె? అందుకే మీ అమ్మతోని నువ్వే మాట్లాడు బిడ్డా అన్న."

కారణం మంచిదే. అయినా లోపలి మంట పూర్తిగా చల్లారలేదు. మీకు దాచకుండా చెబుతాను. మా యారాలు బతికున్నన్నాళ్లూ నేను ఆమెను చూసి కుళ్లుకున్నాను. పోయాక మానేస్తానని అనుకున్నాను. మానలేదు.

యారాలు అంటే తోడికోడలు, మా ఆయన అన్న భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పుట్టిల్లు బిచ్కుంద. వాళ్లింట్లో సగం మాటలు మరాఠీలో నడిచేవి. పెళ్లికి వాళ్ల అన్న కొనిచ్చిన టేప్ రికార్డర్‌తో మా అత్తగారింటికి వచ్చింది. నేను ఆమె తర్వాత కొన్నేళ్లకు కోడలినై వచ్చేసరికి ఆ ఇంట్లో ఆదివారం సాయంత్రం టీవీలో సినిమా వచ్చేటప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలో అప్పటికే ఖాయమై ఉంది. మామ మంచం మీద, అత్త గడప దగ్గర, వీధిలోని ఆడవాళ్లు చాప మీద. అక్క మాత్రం టీవీ పక్కన, గోడ వైపు మొహం పెట్టి.

మొదటిసారి చూసి నాకు నవ్వొచ్చింది. టేప్ రికార్డర్‌ను టీవీ స్పీకర్‌కు ఆనించి, వేళ్లు బటన్ల మీద పెట్టుకొని, కళ్లు మూసుకొని కూర్చుంది. పాట వచ్చినప్పుడు కదల్లేదు. పాట అయిపోయి, తల్లి కొడుకును వెతుక్కుంటూ స్టేషన్‌కు పరిగెత్తే ఘట్టం వచ్చింది. మాటల్లేవు, వెనక వయొలిన్లు మాత్రమే. అప్పుడు టక్కున బటన్లు నొక్కింది.

"అందరు సినిమా చూస్తుంటే గీమె గోడ చూస్తదేంది" అని అత్త గొణిగింది.

"కండ్లు చూస్తుంటే చెవులు పనిచెయ్యవు అత్తమ్మా" అంది అక్క, నొక్కిన బటన్లు వదిలాక.

పాటలు అందరూ వింటారు. అక్కకు పాటలు లేని చోట వచ్చేది కావాలి. దాన్ని 'ఎనక మ్యూజిక్' అనేది. సీరియల్ మొదట్లో పేర్లు పడుతుంటే వచ్చేది, విలన్ జీపు దిగేటప్పుడు వచ్చేది, చచ్చిపోయిన తండ్రి చొక్కాను కూతురు మడత పెడుతున్నప్పుడు సన్నగా వచ్చేది. అవి క్యాసెట్లుగా ఏ దుకాణంలోనూ దొరకని కాలం. కనుక టీవీ దగ్గర కాపు కాసి పట్టుకునేది. అదే సమయానికి కరెంటు పోతే ఆ రోజు అన్నం సరిగ్గా తినేది కాదు.

అయితే కళ్లు మూసుకొని కూర్చున్న మనిషికి కథ ఎలా తెలుస్తుంది? అక్కడ నేను పనికొచ్చాను. సినిమా అయ్యాక వంటింట్లో రొట్టెలు చేస్తూ టేపు పెట్టేది. "ఇది వచ్చినప్పుడు ఏమైంది, చెప్పు చెల్లె" అనేది. నేను అంగన్‌వాడీలో పిల్లలకు కథలు చెప్పేదాన్ని, నోరు ఊరుకోదు. రైలు ఎలా కదిలిందో, తల్లి కొంగు ఎలా జారిందో, ప్లాట్‌ఫారం మీద కొడుకు చెప్పు ఒకటి ఎలా పడిపోయిందో చెప్పేదాన్ని. రొట్టె పెనం మీద మాడుతున్నా అక్క తిప్పేది కాదు. చివరికి ఆ ముక్కకు ఒక పేరు పెట్టమనేది. "రైలు పోయింది" అనేదాన్ని. క్యాసెట్ మీద ఆ పేరే రాయించేది, నా చేతనే. సినిమా పేరు ఎక్కడా ఉండేది కాదు. 'రైలు పోయింది', 'బావి కాడ', 'తండ్రి అంగీ', 'జీపు దిగిండు'. అన్నీ నేను పెట్టిన పేర్లే.

ఒక్కోసారి జరగనివి కూడా కలిపి చెప్పేదాన్ని. ఆ పడిపోయిన చెప్పు సినిమాలో లేనే లేదు. చాలా రోజుల తర్వాత ఆ సినిమా మళ్లీ వచ్చినప్పుడు అక్క కళ్లు తెరిచి చూసింది. దొరికిపోయాననుకున్నాను. ఆమె మాత్రం, "చెప్పు ఏదే? నువ్వు చెప్పిందే మంచిగుండె" అని మళ్లీ గోడ వైపు తిరిగింది.

ఇంత కలివిడిగా ఉంటే ఓర్వలేనితనం ఎక్కడిది అంటారా? పేరంతా ఆమెకే వచ్చేది. వీధిలో వాళ్లు "మీ యారాలి టేపులు ఇయ్యరాదు" అని నన్ను అడిగేవాళ్లు. కోడళ్లలో ఎవరినీ మెచ్చుకోని మామ, మధ్యాహ్నం కునుకు తీసే ముందు "పెద్దకోడలా, ఆ సీరియల్ది జర పెట్టు" అనేవాడు. అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది నా బిడ్డ విషయమే.

అక్కకు పిల్లలు కలగలేదు. నా బిడ్డ నడక వచ్చిన దగ్గర నుంచీ ఆమె గదిలోనే. రొట్టెల దగ్గర నేను కథలు చెబుతున్నా ఆమె వీపు మీద వాలి వినేది. నేను జోకొడితే నిద్రపోని పిల్ల 'బావి కాడ' వింటూ ఆమె తొడ మీద నిద్రపోయేది. జ్వరం వస్తే కూడా "పెద్దమ్మ కాడికి పోత" అనేది. ఒకసారి పంతానికి పోయి నిజామాబాద్ నుంచి కొత్త సినిమా పాటల క్యాసెట్ తెచ్చి దానికి పెట్టాను. కొంచెం విని, "ఇందుల అందరు పాడుతుండ్రు అమ్మా. మ్యూజిక్ ఇనవడ్తలేదు" అని లేచిపోయింది.

అప్పుడు నేనే రికార్డు చేయాలనుకున్నాను. అక్క పుట్టింటికి వెళ్లిన ఆదివారం టీవీ పక్కన గోడ వైపు తిరిగి కూర్చున్నాను. సరిగ్గా మంచి ఘట్టంలో వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. తిరిగొచ్చాక అక్క అది విని నవ్వుతుందేమో, నవ్వితే పోట్లాడదామని సిద్ధంగా ఉన్నాను. పూర్తిగా విని, "మంచిగ పట్టినవ్ చెల్లె. కుక్కర్ తప్పు నీది కాదు కద" అంది. పోట్లాడే అవకాశం కూడా ఇవ్వని మనిషితో ఎలా వేగాలి, చెప్పండి.

అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు నడిమిట్లో గోడ లేచింది. మనసులో సంతోషించాను. కానీ గోడ ఆపేది చూపును మాత్రమే. సాయంత్రం అవతల టేపు మొదలు కాగానే నా బిడ్డ పుస్తకాలు తీసుకొని ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేది.

ఆ పిల్లే ఇప్పుడు హైదరాబాద్‌లో, సీరియళ్లకు వెనక సంగీతం చేసే ఒకాయన దగ్గర కీబోర్డు వాయిస్తుంది. ఆ పనిలో చేరిన ఏడాది, అసలు ముక్కలన్నీ ఏ చప్పుడూ కలవకుండా శుభ్రంగా ఫోన్‌లో తెచ్చి పెద్దమ్మకు వినిపించింది. అక్క పొంగిపోయింది. "అబ్బ, మస్తు సాఫ్ ఉన్నయ్! అడుగున ఫ్లూటు ఉన్నట్టే నాకెర్క లేకుండె" అంది. మర్నాడు క్యాసెట్లన్నీ పాత సామాన్ల బండికి ఇచ్చేసింది. నేను పరిగెత్తి వెళ్లేసరికి బండి సందు తిరిగిపోయింది.

"నా దస్తూరి ఉండె గద అక్కా వాటి మీద" అన్నాను.

"మ్యూజిక్ దొరికింది గద చెల్లె. ఇగ డబ్బాలెందుకు?"

అదీ అక్క. పోగేసిన దాని మీద ఆమెకు మోజు లేదు, విన్న దాని మీదే. నేను మాత్రం ఆ బండి కోసం బస్టాండు దాకా నడిచి వచ్చాను.

అసలు సంగతి దాని తర్వాత జరిగింది. నా బిడ్డ చదివిన బడి వాళ్లు వార్షికోత్సవానికి దాన్ని పిలిచి శాలువా కప్పారు. ముందు వరసలో అక్క, నేను పక్కపక్కనే కూర్చున్నాం. అది మైకు పట్టుకుని ఇలా చెప్పింది. "నేను చిన్నగున్నప్పుడు మా పెద్దమ్మ మ్యూజిక్ పెట్టి, అక్కడ ఏం జరుగుతుందో కథ చెప్పేది. రైలు పోతుంటే కొడుకు చెప్పు కింద పడిపోయింది అని చెప్పేది. ఏ సీన్‌కు ఏ మ్యూజిక్ కావాలో నాకు అట్లనే తెలిసింది. నా మొదటి గురువు మా పెద్దమ్మే."

చప్పట్లు మోగాయి. జనం అక్కను లేవమన్నారు. ఆమె లేచింది. దండం పెట్టింది. కూర్చుంది. నా వైపు చూడలేదు.

ఆ చెప్పు నాది. సినిమాలో కూడా లేని చెప్పు. నా నోట్లో పుట్టింది. నా బిడ్డ నోటితోనే అది ఇంకొకరిదైపోయింది. ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. బిడ్డ బస్సెక్కి వెళ్లేదాకా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత గోడ అవతలికి అడుగు పెట్టలేదు. అవతల నుంచి మ్యూజిక్ కూడా రాలేదు.

చివరికి అక్కే వచ్చింది. నేను బియ్యం చెరుగుతున్నాను. ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది.

"కథ చెప్పింది నువ్వు" అంది.

నేను చెరుగుతూనే ఉన్నాను.

"బిడ్డ అట్లంటుంటే అప్పుడే లేచి చెప్పాల్సింది. నలుగుర్ల బిడ్డ మాట పోతదని ఊకున్ననని నీతోని అంటే అబద్ధమైతది. నాకే వదలబుద్ధి కాలే చెల్లె. బిడ్డ నీది, కథలు నీయి, మాటలు నీయి. నేను ఉత్తగ కండ్లు మూసుకొని కూసునేదాన్ని. ఒక్క దినం నాదన్నట్టు ఉంచుకుందామనిపించింది. ఉంచుకున్న. ఇగ తీసుకో."

చేట నా చేతిలో అలాగే ఆగిపోయింది. ఆమెను చూసి నేను ఎన్ని రాత్రులు కుమిలిపోయానో, ఆమె నన్ను చూసి అన్ని రాత్రులూ కుమిలిపోయిందేమో. ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. మా ఇద్దరిలో ఆమె దాచుకోవడం బాగా తెలిసిన మనిషి.

అక్కడే ఫోన్ తీసి బిడ్డకు చేసింది. "కథలు చెప్పింది మీ అమ్మ. నేను గాదు. మల్లెక్కడన్న మాట్లాడితే సరిగ్గ చెప్పు" అంది. స్పీకర్‌లో నా బిడ్డ, "నిజంగనా పెద్దమ్మా? నాకు యాదికి లేదు. చిన్నప్పటి మీ రెండు గొంతులు కలిసిపోయినయ్" అంది.

మీరైతే అది విని సంతోషిస్తారేమో. నాకు సంతోషం కాలేదు. రెండు గొంతులు కలవడమేమిటి, నాది నాకు కావాలి అనిపించింది. ఆ మాట పైకే అన్నాను. అక్క పడీ పడీ నవ్వింది. నవ్వీ నవ్వీ పీట మీద నుంచి కిందికి జరిగింది. నాకూ నవ్వొచ్చింది.

దవాఖానలో చివరిసారి ఆమె దగ్గర కూర్చున్నది ఒక మధ్యాహ్నం. గుండె బలహీనపడి, తల ఎత్తలేకపోతోంది. నా బిడ్డ వాయించిన కొత్త సీరియల్ ఫోన్‌లో పెట్టాను. ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో. తెర ఆమెకు కనిపించదు. "ఏమైతుంది చెప్పు" అంది. ఒక పిల్ల గేటు దగ్గర నిలబడి ఉంది, అంతే, అక్కడ పెద్దగా ఏమీ జరగడం లేదు. ఆ మాటే చెప్పాను.

"గంతేనా? జర కలిపి చెప్పు" అంది.

కలిపి చెప్పాను. గేటుకు కొత్తగా రంగు వేశారని, అది ఇంకా ఆరలేదని, పిల్ల అరచేతికి పచ్చరంగు అంటిందని, ఇంట్లోకి వెళ్లి ఎవరి వీపు మీద చెయ్యి వేస్తే వాళ్ల చీర మీద ఆ చేతి గుర్తు పడుతుందని. అక్క కళ్లు మూసుకునే వింది. ముక్క అయిపోయాక, "ఎవరి చీర మీద ఏసింది?" అని అడిగింది. రేపు వచ్చి చెబుతానన్నాను. మర్నాడే బట్టలు ఆరేస్తుంటే ఫోన్ వచ్చింది.

పెద్దకర్మ రోజుల్లో వచ్చిన వాళ్లంతా ఆమె గురించే మాట్లాడారు. ఎంత ఓపిక, ఎంత నిదానం, చెవులు ఎంత మంచివి. నా బిడ్డ సెలవు పెట్టి వచ్చి గోడ అవతలే పడుకుంది, పెద్దమ్మ మంచం మీద. నేను ఇవతల అందరికీ చాయ్ పోస్తూ తిరిగాను. పోయినా కూడా నా కన్నా ఒక మెట్టు పైనే ఉంది కదా ఈ మనిషి అనుకున్నాను. అలా అనుకుంటూనే మంచం మీద ఉన్న నా బిడ్డకు దుప్పటి కప్పి వచ్చాను.

అస్థికలు కలపడానికి మంజీరకు వెళ్లాం. బావ, మా ఆయన, నా బిడ్డ, నేను. చీలమండల దాకా నీళ్లు. కుండ బావతో పాటు మా ఆయన కూడా పట్టుకున్నాడు. పైన వంతెన మీదికి చెరకు ట్రాక్టర్ ఒకటి వచ్చింది. పెద్ద పెద్ద స్పీకర్లు, గట్టిగా ఏదో పాట. డ్రైవర్ కిందికి చూశాడు. నీళ్లలో మేము కనిపించగానే చెయ్యి చాపి పాట ఆపేశాడు. వంతెన పొడవునా ఇంజన్ చప్పుడు, చెరకు గడల ఆకులు రాసుకునే చప్పుడు. నా బిడ్డ తల ఎత్తి వింటోంది. నేనూ విన్నాను. వంతెన దాటి రోడ్డెక్కాక అతను మళ్లీ పాట పెట్టాడు. అప్పటికి దూరమైపోయింది. మాటలు మా దాకా రాలేదు.