'నిజమేనారా?' అని అడిగే నాయనమ్మ

మా నాయనమ్మ పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. ఇలా సూటిగా రాయడానికి కారణం ఉంది. మా వైపు ఎవరైనా చనిపోతే ఫోన్‌లో ఆ మాట చెప్పరు. "జర సీరియస్‌గ ఉన్నది, బయలెల్లి రాండ్రి" అంటారు. వచ్చేవాళ్ళు దారి పొడుగునా దేవుళ్ళకు మొక్కుకుంటూ వస్తారు. సందు మొదట్లో టెంటు కనపడేదాకా ఆశ చావదు. ఈ మర్యాద ఎవరు కనిపెట్టారో గానీ, దాన్ని చూస్తే నాయనమ్మకు ఒళ్ళు మండేది. నాకూ మండుతుంది.

సూర్యాపేటలో మాది ఉమ్మడి ఇల్లు. నాయనమ్మ, అమ్మానాన్న, బాబాయి, పిన్ని, వాళ్ళ కూతురు, నేను. కరోనా రోజుల్లో ఒకే కప్పు కింద తలా ఒక రకంగా భయపడ్డాం. నాన్న కూరగాయలను ఉప్పునీళ్ళలో నానబెట్టీ నానబెట్టీ వంకాయల్ని ఊరగాయ చేసేవాడు. బాబాయి పొద్దస్తమానం టీవీ చూసి, ఆ భయమంతా మా మీద అరిచి తీర్చుకునేవాడు. డిగ్రీ చదువుతున్న నేను ఆన్‌లైన్ క్లాసు పేరు చెప్పి దుప్పటి ముసుగేసుకుని పడుకునేదాన్ని. ఐదో తరగతి చెల్లె తన బొమ్మను తలుపు వెనక కూర్చోబెట్టి, అన్నం గిన్నెను కర్రతో లోపలికి తోసేది. నాయనమ్మ ఒక్కతే భయపడలేదు. కోపం తెచ్చుకుంది.

కోపం ఎందుకంటే, చావులకు పోనివ్వడం లేదని. మా వాడలో ఎవరు పోయినా నాయనమ్మ వెళ్ళాల్సిందే. ఇంటి ఆడవాళ్ళ మెడ పట్టుకుని, పోయినవాళ్ళు ఏం తినేవాళ్ళో, ఎట్లా నవ్వేవాళ్ళో అన్నీ వరస పెట్టి చెబుతూ శోకం తీసేది. ఆమె ఏడిస్తేనే మిగతావాళ్ళకు ఏడుపు వచ్చేది. ఎదురింటాయన దవాఖానలో పోయినరోజు నాన్న మా గేటుకు తాళం వేశాడు.

"రోగానికైతే మూతికి గుడ్డ కట్టుకుంట బిడ్డా. ఏడ్పుకు ఏం కడ్తవ్?" అని, ఆ గేటు ఊచలు పట్టుకునే ఏడ్చింది. ఎదురింటామె తన డాబా మీద నిలబడి ఏడ్చింది. మధ్యలో రోడ్డు.

నాయనమ్మకు ఒక్కతే చెల్లెలు. మిర్యాలగూడలో రైసు మిల్లుల వెనక వాడలో ఉండేది. మాకు చిన్న నాయనమ్మ. రోజూ మధ్యాహ్నం ఇద్దరికీ ఫోన్ ఉండాల్సిందే. "ఏం కూర వండినవే" దగ్గర మొదలై, ఆ కూరలో ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకుని పెట్టేసేవాళ్ళు. కరోనా రెండోసారి విజృంభించినప్పుడు ఆ ఫోన్ ఆగిపోయింది.

నాయనమ్మ ఫోన్‌ను రిపేరుకని తీసుకుపోయిన బాబాయి మళ్ళీ తేలేదు. నీ ఫోన్ నుంచి కలపమంటే సిగ్నల్ లేదన్నాడు. ఎన్నాళ్ళని సిగ్నల్ ఉండదు? చివరికి "చిన్నమ్మకు చెవులు వినపడ్తలేవటమ్మా, ఫోన్ల మాట్లాడ్తలేదట" అన్నాడు. నాయనమ్మ ఊరుకుంటుందా? నువ్వుల నూనెలో ఎల్లిపాయలు వేసి కాచి, చల్లార్చి, చిన్న సీసాలో పోసి బాబాయి చేతికిచ్చింది. "రెండు సుక్కలు ఎయ్యమను. ఎక్కువ ఎయ్యొద్దను." బాబాయి సరేనని తీసుకుని స్కూటర్ డిక్కీలో పెట్టాడు. కొన్నాళ్ళకు అయిపోయి ఉంటుందని నాయనమ్మ మళ్ళీ కాచింది. అదీ తీసుకున్నాడు.

అప్పటికే చిన్న నాయనమ్మ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. నోట్లో నువ్వు గింజ నానదని నాకు మాత్రం చెప్పలేదు.

ఏడాది మాసికానికి పిలవడానికి మిర్యాలగూడ అత్త, అంటే చిన్న నాయనమ్మ కూతురు, వచ్చింది. నాయనమ్మ మొహం వెలిగిపోయింది. "రా బిడ్డా రా. మీ అమ్మకు చెవులు ఎట్లున్నయ్? నూనె ఏసుకుంటున్నదా?"

అత్త చేతిలోని సంచి కింద పెట్టేసింది. "అమ్మ పోయి ఏడాదైతున్నది పెద్దమ్మా. నీ కొడుకులు నీకు ఆ దినమే చెప్పినమన్నరు. తట్టుకోలేక నువ్వే మాట్లాడ్తలేవన్నరు. ఒక్క ఫోనన్న చెయ్యకపోతివని నేను నిన్ను ఎంత తిట్టుకున్ననో!"

నాయనమ్మ బాబాయి వైపు తిరిగింది. "నిజమేనారా?"

"నీ పానం మీదికొస్తదని చెప్పలేదమ్మా."

"నా పానం నాది. నా చెల్లె నాది. నా ఏడ్పు దాసిపెట్టనీకె నువ్వెవనివిరా?"

మా ఇంట్లో ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. చీర మార్చుకుని, అత్తనూ నన్నూ వెంటబెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కింది. అక్కడ సందు మొదట్లోనే శోకం ఎత్తుకుంది. తన చెల్లెలు ఆ రోజే చచ్చిపోయినట్టు ఏడ్చింది. మిల్లు పని నుంచి వస్తున్న ఆడవాళ్ళు ఆగారు, ఇళ్ళలోంచి ఇంకొందరు వచ్చారు. ఒకామె మొగుణ్ణి, ఒకామె కొడుకును తలుచుకుని నాయనమ్మ మీద పడి ఏడ్చారు. వాళ్ళంతా పోయింది ఎవరింటి చావుకూ ఎవరూ రాని కాలంలో. ఆ వాడ ఏడుపు ఆ సాయంత్రం బయటికి వచ్చింది. అత్త నాయనమ్మ మెడ వదల్లేదు. ఏడవడం చేతకానితనం అనుకునేదాన్ని నేను. అది ఒకరికొకరు చేసే పని అని నాకు నేర్పింది ఆమే.

తర్వాత కొడుకులతో మాట్లాడడం మానలేదు. నమ్మడం మానేసింది. "అమ్మా, అన్నమయింది" అంటే "నిజమేనారా?" అని వంటింట్లోకి తొంగిచూసేది. "అమ్మా, వాన పడ్తున్నది" అంటే "నిజమేనారా?" అని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తడిసిన వేళ్ళు చూసుకుని "ఆఁ, నిజమే" అనేది. మేం నవ్వేవాళ్ళం. నాన్న తల దించుకునేవాడు. ప్రేమతోనే దాచారని నాకు తెలుసు. తెలిస్తే మాత్రం? ఆ ప్రేమ వల్ల ఒక ఆడమనిషి ఏడాదిపాటు తన పెద్దమ్మను రాయి అనుకుంది.

పోయిన మంగళవారానికైనా మా పెద్దవాళ్ళకు బుద్ధి వచ్చి ఉంటుందనుకున్నాను. చెల్లె కోదాడ హాస్టల్లో పదో తరగతి చదువుతోంది. "పరీక్షలు నెత్తి మీదున్నయి. బిడ్డకు ఇప్పుడే చెప్పొద్దు" అన్నాడు బాబాయి. నాన్న తలూపాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాయనమ్మ ఇంక ఇంట్లనే ఉన్నది బాబాయ్. ఆమె ముందటనే మళ్ళ మొదలుపెడ్తున్నరా?"

జవాబు కోసం ఆగకుండా కోదాడ బస్సెక్కాను. హాస్టల్ గేటు దగ్గర చెల్లె చెయ్యి పట్టుకుని చెప్పాను. "నాయనమ్మ చచ్చిపోయిందే." సీరియస్ అనలేదు. దారంతా నా భుజం మీద ఏడ్చింది.

ఇంటికి రాగానే చెల్లె నాయనమ్మ చెంపకు అరచెయ్యి ఆనించి చూసి, గట్టిగా శోకం పెట్టింది. బాబాయి "ఊకో బిడ్డా, ఊకో" అంటూ వచ్చాడు. మిర్యాలగూడ అత్త అడ్డం నిలబడింది. "ఏడ్వనియ్యి." బాబాయి అక్కడే గోడకు ఆనుకుని కూలబడి, "అమ్మా" అని, కాసేపటికి "చిన్నమ్మా" అని ఏడ్చాడు.

ఎత్తుకుపోయే వేళకు సన్నగా చినుకులు మొదలయ్యాయి. నాన్న అలవాటుగా ఆమె వైపు వంగి, "అమ్మా, వాన పడ్తున్నది" అన్నాడు. ఎవ్వరూ ఏమీ అడగలేదు. చెల్లె లేచి వెళ్ళి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తడిసిన వేళ్ళు చూసుకుంది.

"ఆఁ, నిజమే నాయనమ్మా" అంది.