రెండు రోజులకని పెట్టిన పాస్‌వర్డ్

ఆఫీసులో ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. బీరువా తాళాలు కావు లెండి. ఆస్పత్రుల నుంచి మందుల ఆర్డర్లు తీసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి, గోదాము నుంచి సరుకు పంపించే సాఫ్ట్‌వేర్ ఇంకొకటి. రెండూ పొట్లాడుకున్న తోడికోడళ్లు. ఒకదాని గుమ్మం ఇంకొకటి తొక్కాలంటే యూజర్ పేరూ పాస్‌వర్డూ చెప్పాల్సిందే. గుమ్మంలో ఆపేసినప్పుడల్లా ఆయన్నే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా ఇదే చాకిరీ. పని సాగినన్నాళ్లూ ఆయనొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆగిందా, స్నానాల గదిలో ఉన్నా వదలరు.

మనిషి అలసిపోయాడు. ఆ మాట పైకి అనడు గానీ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంటుంది. దానికితోడు భార్యకు ఆపరేషనై, వారం రోజులుగా ఆస్పత్రి కుర్చీలోనే పడక. "ఇంటికెళ్లి కాస్త నడుం వాల్చండి" అని ఆవిడంటే, "కుర్చీలో నిద్రపోవడానికేగా నాకు జీతమిచ్చేది" అని నవ్వించాడు.

ఆ సోమవారం తొమ్మిదిన్నరకు ఆయన సీట్లో కూర్చునేసరికే ఆర్డర్లు నిలిచిపోయి ఉన్నాయి. తెర మీద ఒకటే మాట: లాగిన్ విఫలమైంది. ఏ ఖాతా ఆగిపోయిందో చూపించే జాబితా గోదాము వైపు ఉంటుంది. అది తెరిచే అధికారం ఆయనొక్కడిదే. తెరిచాడు. అక్కడున్నది ఆయన పేరే.

ఆరేళ్ల కిందటి మాట. ఇలాంటి కనెక్షన్‌కి ఏ మనిషిదీ కాని ప్రత్యేక ఖాతా పెట్టాలి. దానికి మూడు సంతకాలు కావాలి. ఆ రోజు ఒక సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడు. రెండు రోజులకేగా అని తన సొంత ఖాతాతో కలిపేశాడు. ఆ రెండు రోజులే ఆరేళ్లయ్యాయి. కంపెనీ రూలు ప్రకారం మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలి. మార్చిన ప్రతిసారీ, ఎవరూ లేని ఆదివారం చూసుకుని, కనెక్షన్‌లోనూ కొత్తది పెట్టేవాడు. ఈసారి ఆస్పత్రిలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మారుస్తుండగా డాక్టర్ పిలిచాడు. ఒకచోట మార్చాడు, రెండోచోట మరిచాడు. కనెక్షన్ పాత పాస్‌వర్డ్‌తో తలుపు బాదీ బాదీ, చివరికి ఖాతా లాక్ అయి కూర్చుంది.

సరిచేయడం రెండు నిమిషాల పని. కానీ జాబితా మూసేసరికి మేనేజరు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. మేనేజరు భోజనానికి లేచినప్పుడు గుట్టుగా కానిచ్చేద్దామని తాళాలాయన అనుకున్నాడు. ఈలోగా మేనేజరు గదంతా వినిపించేలా అడిగాడు: "నిన్న దీన్ని ముట్టుకుంది ఎవరు?"

ముట్టుకుంది కాంట్రాక్టు అమ్మాయి. చేరి ఏడు నెలలైంది. ఆదివారం సాయంత్రం ఆ కనెక్షన్‌కుండే సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు తీరుతుంటే కొత్తది పెట్టింది, అదీ మేనేజరు చెబితేనే. ఈ సోమవారం సాయంత్రమే ఆమె కాంట్రాక్టు పొడిగించే కాగితం మీద సంతకం కావాలి.

పాపం, ఆ పిల్ల పాత సర్టిఫికెట్ పెట్టింది, మళ్లీ కొత్తది పెట్టింది, అక్షరం అక్షరం పోల్చి చూసింది. "అంతా సరిగ్గానే ఉంది బాబాయ్. అయినా నేనే ఎక్కడో తప్పు చేసుంటాను" అంది.

"మళ్లీ ఒకసారి చూడమ్మా" అన్నాడాయన. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. తేలు కుట్టిన దొంగలా తెర వంక చూస్తూ కూర్చున్నాడు.

పన్నెండున్నరకు మేనేజరు, "ఈ అమ్మాయి కాగితం పక్కన పెట్టండి" అని ఫోన్లో చెప్పాడు. ఆమె లేచి బయటికెళ్లింది. మంచినీళ్లకని ఆయనా లేచాడు. వరండాలో గోడవైపు తిరిగి ఆమె ఫోన్లో తల్లితో అంటోంది: "రూము ఖాళీ చేసి వచ్చేస్తానేమోనే అమ్మా. లేదు, ఎవరూ ఏమీ అనలేదు. తప్పు నాదే."

ఆయన గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికొచ్చాడు. "ఆ అమ్మాయి తప్పేం లేదండీ. కనెక్షన్ ఆరేళ్లుగా నా ఖాతా మీద నడుస్తోంది. పాస్‌వర్డ్ మార్చి, రెండోచోట నేనే మరిచిపోయాను" అన్నాడు.

మేనేజరు ఒక్క క్షణం చూసి పకపకా నవ్వాడు. "మీరా! ఆరేళ్లు ఎవరికీ తెలియకుండా నడిపారా! గట్టివారే! ఇంట్లో ఆ హడావుడి కదా, ఎవరైనా మరిచిపోతారు." భుజం కూడా తట్టాడు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకనిపించింది.

రెండు నిమిషాల్లో ఆర్డర్లు కదిలాయి. కాగితం మీద సంతకమూ అయింది.

అమ్మాయి వచ్చి ఆయన టేబుల్ దగ్గర నిలబడింది. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "మీకు ఎప్పుడు తెలిసింది?"

ఇప్పుడే తెలిసిందనొచ్చు. కాదని తేల్చే జాబితా ఆయన చేతిలో తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. కానీ ఇంకో అబద్ధం మోసే ఓపిక ఆయనకు లేకపోయింది.

"తొమ్మిదిన్నరకి" అన్నాడు.



"సరే సార్" అని తన సీటుకి వెళ్లిపోయింది. ఏడు నెలల్లో ఆమె ఆయన్ని సార్ అనడం అదే మొదటిసారి.